పవర్ సప్లైకి తాంబాళం లేదు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టే హక్కు ముప్పై నిండనివాడికి ఉంటుందా అని కాసేపు ఆలోచించాను. తల నెరవలేదు, మోకాళ్లు పట్టెయ్యలేదు, వీధిలో పిల్లలెవరూ ఇంకా నన్ను తాతా అనడం లేదు. అయితే నేను చెప్పబోయేది కంప్యూటర్ భాగాల సంగతి. ఆ లోకంలో అయిదారేళ్లు గడిచాయంటే ఒక తరం వెళ్లిపోయినట్టే. అప్పుడు నేను కలవరించిన ప్రాసెసర్ పేరు ఇవాళ కొట్లో చెబితే అక్కడివాడు నన్ను జాలిగా చూస్తాడు. కాబట్టి ధైర్యం చేసి అనేస్తాను. ఆ రోజుల్లో, ముందుగా ఒక పట్టిక గీసుకుంటే ప్రపంచంలో ఏ పనీ చెడిపోదని నేను నమ్మేవాణ్ని. చెప్పులు కొనాలన్నా పట్టికే. అడుగు మందం, బరువు, తడి నేల మీద జారే గుణం, ధర, అన్నిటికీ గడులు, గడులకు మార్కులు, మార్కులకు మొత్తం. (ఆ చెప్పులు వానాకాలం చూడకుండానే తెగిపోయాయి. పై పట్టీ ఎంత గట్టిదన్న దానికి గడి పెట్టలేదు.) మెకానికల్ ఇంజనీరింగ్ చదివినవాణ్ని, తప్పు పట్టికది కాదు, ఒక గడి తగ్గిందంతే అని సర్దిచెప్పుకున్నాను. అప్పుడే మేలుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

మాది రాజపాళయం. పడమట కొండలు, ఊరి చుట్టూ నూలు మిల్లులు, మధ్యలో ఎప్పుడో తెలుగు దేశం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మాలాంటి కుటుంబాలు. (మావాళ్ల మాటలు తమిళంలో నానబెట్టి తీసినట్టు ఉంటాయి. మీ చెవులను అనుమానించకండి.) చదువు అయిపోగానే నా తోటివాళ్లందరూ చెన్నైకో హోసూరుకో బస్సెక్కేశారు. నాకు వెళ్లాలని లేదు. దానికి కారణాలు కూడా రాసి పెట్టుకున్నాను. ఒకటి, మధ్యాహ్నం ఇంట్లో తినే అన్నం. రెండు, సాయంత్రం క్లబ్బు మైదానంలో మా చిన్నాయనతో కలిసి ఆడే బాల్ బ్యాడ్మింటన్. పసుపు ఉన్ని బంతిని ఆయన వెనక నుంచి లేపితే నేను ముందు నుంచి కొట్టేవాణ్ని. మూడోది ఏ పట్టికలోనూ పట్టదు. పొద్దు వాలి కొండ మీంచి గాలి దిగగానే మా ఇంట్లో అందరూ చేస్తున్న పని వదిలేసి వాకిట్లోకి వచ్చి కూర్చుంటారు. ఎవరూ ఎవరితోనూ ముఖ్యమైన మాట ఒక్కటీ మాట్లాడరు. అలా కూర్చోవడం వదిలి ఎక్కడికో పోయి ఎవరో వండింది తింటూ బతకడం నాకు అన్యాయంగా తోచేది.

అదృష్టం కూడా తలుపు దాకా వచ్చింది. కోయంబత్తూరులో నూలు మిల్లు యంత్రాలకు విడిభాగాలు డిజైన్ చేసే చిన్న కంపెనీ ఒకటి, ఇంటి నుంచే పనిచేసే మనిషి ఒకడు కావాలంది. రెండు షరతులు పెట్టింది. ఆ పనికి తగిన కంప్యూటర్ అతని దగ్గరే ఉండాలి. వాళ్లు పంపిన యంత్రభాగం ఒకదాన్ని ఆ కంప్యూటర్ మీదే గీసి, తిప్పి, అన్ని వైపుల నుంచీ చూపించి, చెప్పిన సోమవారం లోపల పంపాలి. అది నచ్చితే ఊరు కదలకుండా ఉద్యోగం. నాయన పాత లాప్‌టాప్ ఆ ఫైలు పేరు వినగానే రొప్పడం మొదలుపెట్టింది. అందుకని కంప్యూటర్‌ను నేనే భాగాలు ఎంచి కూర్చుకుంటానన్నాను. ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, డిస్కు, గ్రాఫిక్స్ కార్డు, పవర్ సప్లై, క్యాబినెట్, మానిటర్. మొత్తం ఎనిమిది. ఒక్కోదానికి ఒక్కో పేజీ. ఏది దేనితో సరిపడుతుంది, ఏది ఎంత కరెంటు తింటుంది, ఏది ఎంత వేడెక్కుతుంది, అన్నీ కలిపి చూసుకున్నాను. ఇంత చక్కగా కుదిరిన పట్టిక నేను అంతకుముందు గీయలేదు. ఆ తర్వాత కూడా గీయలేదు.

అంతా కుదిరిందనుకున్నప్పుడు సేత్తూరు మామ వచ్చాడు. మా అమ్మకు అన్న. సేత్తూరులో కొబ్బరి తోట, తెల్ల లుంగీ, తెల్ల మీసం, ఏ మాటైనా వీధి చివరికి వినిపించే గొంతు. నన్ను పేరు పెట్టి పిలిచింది నాకు జ్ఞాపకం లేదు.

"ఏమిరా ఇంజినీరూ, తొళిల్ మొదలుపెట్టేదానికి సామాను కొంటా ఉండావంట? నేను బతికి ఉండంగా నువ్వు కడకి పోయి కొనుక్కునేదా? మేనమామ అని ఒకడు ఏమిటికి ఉండేది?"

కడ అంటే కొట్టు. ఇక్కడ ఇంకొక మాట కూడా చెప్పాలి. మీరు సారె అనేదాన్ని మేం సీరు అంటాం. మా ఇళ్లలో మగపిల్లవాడు ఏదైనా తొళిల్, అంటే సొంత వృత్తి, మొదలుపెడితే దాని మొదటి పనిముట్టు మేనమామ సీరుగా తేవాలి. ఊరికే ఆటోలో వేసుకొచ్చి దింపేస్తే చెల్లదు. పెద్ద తాంబాళాల్లో పెట్టి, పట్టు గుడ్డ కప్పి, వీధంతా చూస్తుండగా మోసుకుని రావాలి. మా చిన్నాయన సత్రపట్టిలో గాయాలకు కట్టు కట్టే గుడ్డ నేసే మరమగ్గాలు పెట్టినప్పుడు, మోటారుకు బొట్టు పెట్టి తాంబాళంలో కూర్చోబెట్టి ఇద్దరు మోశారట. ఆ ఫోటో ఇప్పటికీ ఆయన షెడ్డులో ఉంది. మోటారే పెళ్లికొడుకులా ఉంటుంది.

నేను నాయన వైపు చూశాను. ఆయన "మీ మామ అడిగినాడు. వద్దనేదానికి నాకు నోరు లేదప్పా" అని పేపరు వెనక్కి వెళ్లిపోయాడు. ఈ కబురు ఎలా చేరిందో గానీ సాయంత్రానికి మంసాపురం అత్త దిగింది. నాయనకు చెల్లెలు. సీరు తేవడం మేనత్త బాధ్యత కాదు. అయినా ఆవిడ చెంగు బిగించి, "ఆయన తెస్తా ఉంటే మేనత్త ఊరికే కూర్చోని కాఫీ తాగేదా? నాది కూడా ఒక తాంబాళం ఉండాల్సిందే" అంది. చిన్నాయన అప్పటికే ఇంట్లో ఉన్నాడు. ఆయన కూడా చెయ్యెత్తాడు. అవ్వ, మా నాయన తల్లి, ఉయ్యాల మీద కూర్చుని ముగ్గురినీ చూసి తృప్తిగా తలూపింది. ఇంట్లో ఏ తగువైనా చివరి తీర్పు ఆవిడదే కాబట్టి తగువు పెద్దదైన కొద్దీ ఆవిడకు ఆరోగ్యం బాగుపడేది.

నేను నా పట్టికను నాలుగు కాపీలు తీసి తలా ఒకటి ఇచ్చాను. అవ్వ తన కాపీతో విసురుకుంది. మిగతా ముగ్గురూ పట్టుకున్నారు గానీ చదవలేదు. సరే, ముఖ్యమైనదానితోనే మొదలుపెడదామని పవర్ సప్లై ఎవరిస్తారని అడిగాను.

"అంటే ఏమిడా అది?" అన్నాడు మామ.

"గోడలో కరెంటు తీసుకోని లోపల ఉండే అన్నిటికీ ఎవరికెంత కావాలో అంత పంచి ఇస్తుంది మామా. ఇంట్లో అవ్వ ఎట్లానో అట్లా."

అవ్వ విసురుకోవడం ఆపి నన్ను మెచ్చుకోలుగా చూసింది. మామ మాత్రం కరగలేదు.

"ఎక్కడ ఉంటుంది?"

"లోపల. కింద మూలలో."

"బయటికి కనపడేదా?"

"లేదు మామా."

"లైటన్నా వెలుగుతుందా?"

"వెలగదు."

మామ నన్ను చూసిన చూపు, సీరులో తూము గొట్టం తెమ్మన్నవాణ్ని చూసే చూపు. "ఇంజినీరూ, మేనమామ సీరు తెచ్చినాడంటే ఊరు చూడాల. మూలలో పెట్టి మూత వేసేదానికి నేనెందుకు? ఆ డబ్బా ఉండాదే, పెద్దది, అది నాది. ఈ మూల సామాను మీ అత్తకి ఇయ్యి."

"ఓహో!" అంది అత్త. "కనపడేదంతా ఆయనకి, కప్పిపెట్టేది నాకా? నేనేమి అంత లోకువా? నాకు టీవీ మాదిరి ఉండేది చూపించరా. వాకిట్లో నిలబడినా నాది కనపడాల."

నేను ఆశగా చిన్నాయన వైపు తిరిగాను. ఎంతైనా మోటార్లతో బతికే మనిషి. ఆయన గడ్డం గోక్కుని, "నాకు తిరిగేది ఏదైనా ఇయ్యిరా. తిరగని సామాను మీద నాకు నమ్మకం లేదు" అన్నాడు. అలా గ్రాఫిక్స్ కార్డు ఆయన వాటాకు వెళ్లింది, దానికి ఫ్యాన్లుంటాయని. ప్రాసెసర్, బోర్డు, ర్యామ్, డిస్కు కూడా తనే తెస్తానని మామ ఒప్పుకున్నాడు, చిన్నవైనా పేర్లు గంభీరంగా ఉన్నాయని. పవర్ సప్లై ఒక్కటీ మిగిలిపోయింది. దాన్ని నేనే కొంటాను, ఎనిమిదో తాంబాళం నాయన పేరు మీద ఉండనివ్వండి అన్నాను. పేపరు వెనక నుంచి నాయన "సరి" అన్నాడు. నాకు ఊపిరి ఆడింది.

మరుసటి వారం మదురైలో ఒక పెద్ద కడకు వెళ్లాం, నేనూ మామా అత్తా చిన్నాయనా. కారులో దారంతా మామ క్యాబినెట్ గురించే అడిగాడు. కొట్లో క్యాబినెట్లు వరసగా పెట్టి ఉన్నాయి. గాలి బాగా ఆడే ఒక నల్లటి సాదా దానికి నా పట్టికలో ఎక్కువ మార్కులు వచ్చాయి. మామ దాన్ని చూడను కూడా చూడలేదు. ఒక్కో క్యాబినెట్ దగ్గర వంగి, వేలి కణుపుతో తట్టి, చెవి పెట్టి విన్నాడు. కొబ్బరికాయను నీళ్లున్నాయా లేదా అని తట్టేవాడు ఇంకెలా తడతాడు? చివరికి ఒక దాని దగ్గర ఆగాడు. పక్కన అద్దం, ముందు నాలుగు గుండ్రటి దీపాలు, క్షణానికో రంగు. "ఇది పలుకుతా ఉండాది" అన్నాడు. కొట్టు యజమాని చప్పున వచ్చి, దీని లోపల పవర్ సప్లై కూడా ఇలవసం, అంటే ఉచితం, అని తమిళంలో చెప్పాడు. అది చూపించాడు కూడా. చేత్తో ఎత్తితే ఖాళీ అగ్గిపెట్టెలా తేలిపోయింది. పవర్ సప్లైలో బరువు లేకపోతే సరుకు లేనట్టే. నేను మర్యాదగా నవ్వి, మనం వేరేది కొంటున్నాం కదా అని ఊరుకున్నాను.

అత్త పెద్ద మానిటర్ ముందు నిలబడింది. అది వంపు తెర. ఆవిడ చూపుడు వేలితో గాల్లో గీత గీసి, "ఇది లారీలో వంగిపోయినది. డిఫెక్టు పీసు మనకి అంటగడతాడు, చూసుకో" అని నా చెవిలో పెద్దగానే చెప్పింది. వంపే దాని గొప్ప అని నేను చెప్పాను. అంత గొప్పయితే ధర తగ్గించమని చెప్పమంది. చిన్నాయన గ్రాఫిక్స్ కార్డుల అర ముందు ఫ్యాన్లు లెక్కపెట్టుకుంటున్నాడు.

"రెండు ఫ్యాన్లది చాలు చిన్నాయనా. నేను లెక్క వేసినాను."

"మూడు ఉండంగా రెండు ఏమిటికిరా? మన ఊరి ఎండ చూసినావా లేదా?"

"ఫ్యాన్లు ఎక్కువైతే కరెంటు ఎక్కువ లాగుతుంది."

"లాగనీ. బిల్లు మీ నాయన కట్టేది గదా."

మూడు ఫ్యాన్లది తీసుకున్నాం. ఇక పవర్ సప్లై కొంచెం పెద్దదే కావాలి. నేను అనుకున్నదాని కంటే ఒక మెట్టు పైది ఎంచి బల్ల మీద పెట్టించాను. ఇటుకలా బరువుగా, బుద్ధిగా కూర్చుంది. అప్పుడే మామ ఫోను మోగింది. అవ్వ. మామ స్పీకరు పెట్టాడు. (ఆయన ఎప్పుడూ స్పీకరే. రహస్యాలు మాట్లాడేటప్పుడు కూడా.)

"అన్నీ దొరికినాయా? ఎన్ని తాంబాళాలు?"

"ఎనిమిది అత్తా" అన్నాడు మామ. చెల్లెలి అత్తగారు కాబట్టి ఆయనకు అవ్వ అత్తే.

అవతల ఉయ్యాల ఆగిన చప్పుడు మాకు వినిపించింది. "ఎనిమిదా? ఎవరైనా రెట్టప్పడలో సీరు ఎత్తుతారా? చావు ఇంటికా పోతా ఉండేది?"

రెట్టప్పడ అంటే సరి సంఖ్య. సీరు తాంబాళాలు ఏడు, తొమ్మిది, పదకొండు, ఇలా బేసిలోనే ఉండాలి. ఇది నాకు పుట్టినప్పటి నుంచీ తెలుసు. ఎనిమిది పేజీల పట్టికలో దీనికి ఒక గడి పెట్టాలన్న ఆలోచన మాత్రం రాలేదు. అవ్వే మళ్లీ అందుకుంది. "దానికేమి, ఒక తాంబాళంలో మామిడి పళ్లు పెట్టండి. తొమ్మిది అయిపోయె. పళ్లు లేని సీరు సీరేనా?"

ఆ ఒక్క మాటతో అంతా ముగిసిపోయి ఉండేది. సరే అవ్వా అని ఉంటే చాలు. కానీ నేను ఇంజనీరును. పళ్లంటే తడి, తడి అంటే తుప్పు, మాగిన మామిడి అంటే చీమలు, చీమలు మదర్‌బోర్డులోకి దూరితే ఏమవుతుందో నేను ఎక్కడో చదివి ఉన్నాను. నేను ఫోను దగ్గరికి వంగి, విద్యుత్ పరికరాల పక్కన తడి పదార్థాలు ఎందుకు ఉండకూడదో క్రమంగా వివరించాను. మొదటి కారణం, రెండో కారణం, మూడో కారణం. కొట్లో పనివాళ్లు కూడా ఆగి విన్నారు.

"పండుని చూసి భయపడే సామానుతో ఏం తొళిల్ చేస్తావురా?" అంది అవ్వ.

నేను వదల్లేదు. అది నా సామాను, నా లిస్టు, అందులో పళ్లు లేవు అన్నాను. ఆవిడ తీర్పును కాదన్నవాణ్ని మా ఇంట్లో నేను అంతకుముందు చూడలేదు. చివరికి మామ మీసం దువ్వుకుని, "చదివినవాడు వద్దంటా ఉండాడు అత్తా. సరి, ఒకటి తగ్గించేద్దాం. ఏడు" అన్నాడు. ఏది తగ్గించాలి? అందరూ బల్ల వైపు చూశారు. అత్త మానిటర్ మీద చెయ్యి వేసుకుని నిలబడింది. చిన్నాయన తన మూడు ఫ్యాన్లను చంకలో పెట్టుకున్నాడు. యజమాని సాయం చేస్తున్నాననుకుని, క్యాబినెట్‌లో ఒకటి ఉంది కదా సార్ అన్నాడు. మామ ముఖం వెలిగింది.

"అదే గదా! నా డబ్బా లోపలే ఉండాదే! మళ్లీ ఒకటి ఏమిటికి?"

నేను నోరు తెరిచాను. మీ డబ్బాతో వచ్చినది పనికిరాదు మామా, అనాలి. మేనమామ సీరుగా ఇచ్చేదాన్ని, ఆయన ఎదుటే, కొట్టువాడి ముందు, పనికిరాదని అనాలి. పైగా అప్పుడే ఒక వాదన గెలిచి ఉన్నాను. పట్టుమని గంట కూడా కాకుండా రెండోది మొదలుపెడితే అవ్వ ఊరుకోదు. యంత్రభాగం గీసి పంపేంతవరకు నాలుగు రోజులు ఆగకపోతుందా, తర్వాత నెమ్మదిగా మార్చేసుకుందాం, మామకు తెలియక్కర్లేదు అని నాలో నేనే లెక్క వేసుకున్నాను. బల్ల మీది ఇటుకను పనివాడు ఎత్తి అరలో పెట్టేశాడు. నా జీవితంలో నేను సంపూర్ణంగా గెలిచిన వాదన ఏదైనా ఉందంటే అది ఆ మామిడిపళ్ల మీదే.

సీరు బుధవారం పొద్దున వచ్చింది. సోమవారం లోపల పని పంపాలి, గురువారం నుంచి ఆడి నెల. (ఆడి నెలలో మావాళ్లు కొత్తది ఏదీ కొనరు, మొదలుపెట్టరు. అందుకే అంత తొందర.) వీధి మొదట్లో మామ తెల్ల లుంగీ సర్దుకుని క్యాబినెట్ తాంబాళాన్ని తానే ఎత్తుకున్నాడు. వెనక వంపు మానిటర్, దాని పక్కనే నడుస్తూ అత్త, "ఇది మాది, మంసాపురం నుంచి" అని అడగనివాళ్లకు కూడా చెబుతోంది. ఎర్ర పట్టు గుడ్డ మధ్యలో బిస్కెట్టు ముక్కంత ప్రాసెసర్. పక్కింటి ఆవిడ వంగి చూసి, "ఇంత పెద్ద తాంబాళంలో ముక్కుపుడకా?" అంది. మామ గర్వంగా, "అదే దీనికి మెదడు" అని చెప్పాడు.

హాలు మధ్యలో బల్ల వేసి అందరి ఎదుటా కూర్చడం మొదలుపెట్టాను. ఆపరేషన్ చూడటానికి వచ్చిన బంధువుల్లా చుట్టూ మూగారు.

"నాది పెట్టినావా?"

"ఇంకా లేదు చిన్నాయనా."

"ముందు నాది పెట్టు. తిరిగేది ముందు పెట్టాల."

"నల్ల నేరం పోతా ఉండాది, కానీరా!" అని ఉయ్యాల మీంచి అవ్వ తొందరపెట్టింది, మంచి ముహూర్తం దాటిపోతోందని. నేను మాత్రం ఒక్క తప్పూ చెయ్యలేదు. ప్రతి తీగ దాని చోట, ప్రతి మర దాని బిగువులో. ఇవాళ తలుచుకున్నా ఆ కూర్పులో నాకు వంక కనిపించదు. అత్త సాంబ్రాణి వేసింది, అవ్వ హారతి ఇచ్చింది, మామ చేత బటన్ నొక్కించాం.

మెరిసింది. మామ నాలుగు దీపాలూ ఒక్కసారి వెలిగి, ఎరుపు, నీలం, ఆకుపచ్చ తిరిగాయి. మూడు ఫ్యాన్లూ తిరిగాయి. వంపు తెర మీద బొమ్మ వచ్చింది. హాలంతా అరిచింది. మామ కళ్లు తుడుచుకున్నాడు. అది సాంబ్రాణి వల్ల అని చెప్పాడు. ఇక ఊరు వదిలి వెళ్లక్కర్లేదు, సాయంత్రం మైదానానికి, పొద్దు వాలాక వాకిట్లోకి, అంతే నా బతుకు అనుకున్నాను. కావలసిన సాఫ్ట్‌వేరంతా డిస్కులోకి కొట్లోనే ఎక్కించి ఉంచాను. వాళ్లకు నా పని చూపిద్దామని కంపెనీ పంపిన యంత్రభాగాన్ని తెరిచి తెర మీద గిర్రున తిప్పాను. బరువైన ఫైలు. ఫ్యాన్లు గట్టిగా ఊదాయి. అందరూ మురిసిపోయి చూస్తున్నారు. పొగ చిక్కబడింది.

"అత్తా, సాంబ్రాణి చాలు" అన్నాను.

"నేను ఎప్పుడో ఆర్పేసినానే?" అంది అత్త.

అందరం ఒకరినొకరం చూసుకున్నాం. మామ డబ్బా పక్క అద్దం తెల్లగా మారింది. కింద మూల నుంచి 'టప్' అని ఒక శబ్దం వచ్చింది, చిన్నదే, సీసా మూత తీసినంత. దీపాలు ఆరిపోయాయి. తెర నల్లబడింది. వంటింట్లో తిరుగుతున్న మిక్సీ కూడా ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో అవ్వ ఉయ్యాల మాత్రం కిర్రుమంటూ ఊగింది.

ఆ అగ్గిపెట్టె ఒక్కటే పోయి ఉంటే బాగుండేది. పోతూ పోతూ బోర్డునీ, డిస్కునీ, చిన్నాయన మూడు ఫ్యాన్లనీ వెంట తీసుకుపోయింది. ఆ మధ్యాహ్నమే మదురైకి వెళ్లి మళ్లీ తెద్దామన్నాను. హారతి తీసుకున్న రోజే కాలిన సామానుకు అదే రోజు బదులు తెస్తారా అంది అవ్వ. మరునాటి నుంచి ఆడి. నాయన కూడా పేపరు దించి, ఒక నెల ఆగరాదా అన్నాడు. సోమవారం ఆడి నెల కోసం ఆగుతుందా? నేను కంపెనీకి ఫోన్ చేసి, ఇంటి కంప్యూటర్ చెడిపోయింది, కొంచెం గడువు కావాలన్నాను. వాళ్లు మంచివాళ్లే. గడువు లేదు గానీ నువ్వే ఇక్కడికి వచ్చి మా మెషీన్ మీద గీయవచ్చు అన్నారు. వెళ్లి గీశాను. నచ్చింది. ఉద్యోగం ఇచ్చారు, కోయంబత్తూరులో, ఆఫీసులో. ఇంటి నుంచి చేసే చోటు సోమవారం లోపల తన సొంత కంప్యూటర్ నుంచి పంపిన ఇంకొకతనికి వెళ్లిపోయింది. న్యాయమే.

బయల్దేరే రోజు మామ బస్సు స్టాండుకు వచ్చాడు. ఆయన గొంతు అంత చిన్నగా నేను ఎన్నడూ వినలేదు.

"అల్లుడా, ఒకటి అడుగుతాను, దాచకుండా చెప్పు. నా డబ్బాలో ఏమన్నా తప్పు ఉండెనా?"

తప్పు అందులోనే ఉంది. కింద మూలలో. ఆ మాట చెప్పడానికి కొట్లో దొరకని నోరు బస్సు స్టాండులో ఎక్కడి నుంచి వస్తుంది? "లేదు మామా, కరెంటు ఒక్కసారిగా ఎక్కువ వచ్చేసింది" అన్నాను. ఏ పాపమూ ఎరగని కరెంటు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా మా మామ కరెంటును తిట్టని పొద్దు లేదు. తోటలో మోటారు వేసేటప్పుడు కూడా, "నా అల్లుణ్ణి ఊరు దాటించినది నువ్వే" అని స్విచ్చుతో అంటాడని మా అమ్మ చెబుతుంది. ఆమె నవ్వుతూ చెబుతుంది, నేనూ నవ్వుతాను. ఫోను పెట్టేశాక కాసేపు ఏ పనీ చెయ్యబుద్ధి కాదు.

మొన్న నా గదిలో ఇంకొక కంప్యూటర్ కూర్చుకున్నాను. అంతా నా జీతంతోనే. ప్రతి భాగం పట్టికలో మొదటి స్థానం. పవర్ సప్లై గురించి వేరే చెప్పాలా, దాన్ని ఎత్తడానికి రెండు చేతులూ కావాలి. ఎవరూ తొందరపెట్టలేదు, ఎవరూ నాది ముందు పెట్టమనలేదు. క్యాబినెట్ మాత్రం ఇంకా ఎంచలేదు. భాగాలన్నీ బల్ల మీద ఒక అట్ట పరిచి పెట్టాను. బోర్డు మీదే ఉన్న బటన్ నొక్కితే మొదటిసారికే వచ్చింది. ఎంత నెమ్మదిగా వచ్చిందంటే, వచ్చిందా లేదా అని వంగి చూసుకోవలసి వచ్చింది. గదిలో అరవడానికి ఎవరూ లేరు. ఇంటికి వీడియో కాల్ చేశాను. సాయంత్రం వేళ, అందరూ వాకిట్లోనే ఉన్నారు. మామ కూడా వచ్చి ఉన్నాడు. ఫోను చేతులు మారి మారి ఆయన దగ్గరికి వెళ్లింది. ఆయన కళ్లజోడు పెట్టుకుని తెర నిండా ముఖం పెట్టి బల్లనంతా ఒక చివర నుంచి ఇంకో చివరికి చూశాడు.

"ఇందులో మాది ఏదిరా?"

నేను చూశాను. ప్రాసెసర్ నాది. బోర్డు నాది. ర్యామ్, డిస్కు, కార్డు, తెర, అన్నీ నావే.

"డబ్బా లేదు మామా. అది మీరు ఇచ్చేదే" అన్నాను.

ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు. వెనక ఎవరో పళ్లేలు కడుగుతున్న చప్పుడు, గాలి చప్పుడు వినిపించాయి. తర్వాత గొంతు మళ్లీ వీధి చివరికి వినిపించేలా లేచింది. "సరి, సరి! ఈసారి ఆరు లైట్లు ఉండేది చూస్తాను. నేనే బస్సులో తెస్తాను. కరెంటు మాత్రం నువ్వు చూసుకో." అని ఆగి, ఏదో జ్ఞాపకం వచ్చినవాడిలా, "డబ్బా వచ్చేస్తే ఇంక అంతా తయారే గదా? దీన్ని ఎత్తుకోని ఇంటికి వచ్చేస్తావు గదా అల్లుడా?"

ఇంటి నుంచి పనిచేసే చోటు మా కంపెనీలో ఇప్పుడు లేదు. ఆ సంగతి ఆయనకు కనీసం నాలుగుసార్లు చెప్పాను. అయిదోసారి చెప్పడానికి నోరు రాలేదు. "ముందు డబ్బా తెండి మామా, చూద్దాం" అన్నాను. ఆయన సంతోషంగా తల ఊపి, ఫోను ఎవరికో ఇవ్వడం మరిచి బల్ల మీద పెట్టేసినట్టున్నాడు. నా తెర మీద చాలాసేపు మా వాకిలి పైకప్పు మాత్రం కనిపించింది. నేను కాల్ తెంపలేదు. మదురై కొట్లో స్పీకరు ముందుకు వంగి, పళ్ల తడి ఎందుకు ప్రమాదకరమో కారణాలు వరసగా చెప్పిన ఆ కుర్రవాడి మీద ఎంత కోపం తెచ్చుకుందామన్నా రాలేదు, నవ్వే వచ్చింది. పాపం, ఎంత బాగా వాదించాడు!